పత్తి చేల నుంచి సుప్రీంకోర్టు దాకా: స్పెన్సర్ హేవుడ్ తొలి అడుగులు

(అమెరికా బాస్కెట్‌బాల్ చరిత్ర – ఏడో భాగం)

కిందటి భాగంలో విల్ట్ చాంబర్లేన్, కోనీ హాకిన్స్‌ల గురించి చెప్పుకున్నాం. ఇద్దరినీ ఎన్‌బీఏ గుమ్మం బయటే నిలబెట్టింది. కాన్సస్ విశ్వవిద్యాలయం నుంచి గడువుకు ఏడాది ముందే బయటికొచ్చిన చాంబర్లేన్, 1958లో హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్ బృందంలో చేరి ఊరూరా ప్రదర్శన ఆటలు ఆడుతూ ఏడాది గడిపాడు. 1959లో గానీ ఫిలడెల్ఫియా వారియర్స్‌లో చేరలేకపోయాడు. హాకిన్స్ మీద ఎవరూ నేరం మోపలేదు, ఏదీ రుజువు కాలేదు. 1961 నాటి కాలేజీ బెట్టింగ్ కుంభకోణంలో పేరు వినబడిందన్నదే అతని నేరం. 1969లో దావా రాజీ అయి ఎన్‌బీఏలో అడుగుపెట్టేనాటికి అతనికి 27 ఏళ్లు.

చాంబర్లేన్ నిబంధనను భరించాడు. హాకిన్స్ తనకు జరిగిన అన్యాయం మీద పోరాడి తన వరకు గెలిచాడు. అసలు నిబంధననే ప్రశ్నించి, దాన్ని న్యాయస్థానంలో పడగొట్టినవాడు వాళ్ల తర్వాత వచ్చాడు. అప్పటికి అతని వయసు 21. వృత్తి ఆటగాడిగా అతని అనుభవం ఏడాదిన్నర కూడా నిండలేదు.

ముందు ఆ నిబంధన ఏమిటో చూద్దాం. హైస్కూలు తరగతి ముగిసి నాలుగేళ్లు గడిస్తే తప్ప ఏ కుర్రాడూ ఎన్‌బీఏ జట్టులో ఆడటానికి అర్హుడు కాడు. అతను కాలేజీలో చేరాడా, మధ్యలో మానేశాడా, ఇంట్లో పొయ్యి వెలుగుతోందా లేదా అన్నవి లెక్కలోకి రావు. కాలేజీ గడప తొక్కకపోయినా నాలుగేళ్లు ఆగాల్సిందే. పిల్లల చదువు చెడకూడదనే ఈ నియమం పెట్టామని లీగ్ చెప్పేది. చదువు మీద అంత శ్రద్ధ ఉన్నవాళ్లు, చదువు మానేసినవాడిని ఖాళీగా కూర్చోబెట్టడం వల్ల అతనికి ఏ విద్య అబ్బుతుందో మాత్రం చెప్పలేదు. కాలేజీ జట్లు ఎన్‌బీఏకు ఖర్చులేని శిక్షణాలయాలు. కోచ్ జీతం, ఆటస్థలం, ప్రయాణాలు, పత్రికల్లో ప్రచారం అన్నీ కాలేజీవే. నాలుగేళ్లకల్లా బాగా తయారైన, జనమంతా పేరు ఎరిగిన ఆటగాడు డ్రాఫ్ట్ రోజున (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే రోజు) జట్టు చేతికి వస్తాడు. కాలేజీకీ నష్టం లేదు. టికెట్ల డబ్బు దానిది, ఆడేవాడికి జీతం ఇవ్వనక్కర్లేదు. ఈ ఏర్పాటులో నష్టపోయేది ఆటగాడు ఒక్కడే, అందులోనూ పేదింటి ఆటగాడు.

స్పెన్సర్ హేవుడ్ అలాంటి ఇంటివాడు.

1949 ఏప్రిల్ 22న మిసిసిపీ రాష్ట్రంలోని సిల్వర్ సిటీలో పుట్టాడు. పేరుకు సిటీ గానీ, అది మిసిసిపీ డెల్టాలో పత్తి చేల మధ్య ఒదిగిన చిన్న ఊరు. వడ్రంగి పని చేసే తండ్రి ఈ బిడ్డ పుట్టకముందే పోయాడు. తల్లి యూనిస్‌కు పదిమంది పిల్లలు. పత్తి తీసి, ఇళ్లలో పాచి పనులు చేసి ఆమె వాళ్లను సాకింది. రోజుకు రెండు డాలర్ల కూలి అని హేవుడ్ తర్వాతి రోజుల్లో చెప్పుకున్నాడు. ఊహ తెలిసీ తెలియని వయసులోనే పిల్లలు కూడా గోనె సంచి భుజాన వేసుకుని చేలోకి దిగేవారు. గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ జిల్లాల్లో పత్తి తీతకు వెళ్లినవాళ్లకు ఆ పని గురించి నేను చెప్పేదేముంది! పొద్దంతా వంచిన నడుము, ఎండిన కాయ మొనలకు చీరుకుపోయే వేళ్లు, చివరికి కాటా దగ్గర దొరగారు చెప్పిందే లెక్క.

ఆ ఊరికి దగ్గర్లోనే బెల్జోనీ అనే పట్టణం ఉంది. 1955 మేలో జార్జ్ లీ అనే పాస్టర్‌ను అక్కడ కాల్చి చంపారు. నల్లవారి పేర్లు ఓటర్ల జాబితాలో చేర్పించడమే ఆయన చేసిన తప్పు. ఎవరికీ శిక్ష పడలేదు. మూడు నెలలకే ఆ డెల్టా ప్రాంతంలోనే 14 ఏళ్ల ఎమెట్ టిల్‌ను చంపి నదిలో పడేశారు. అప్పటికి హేవుడ్ ఆరేళ్లవాడు. నల్లపిల్లలకు వేరే బడి, వేరే కుళాయి, దుకాణంలో వేరే తలుపు. పెద్దవాడు ఒక మాట అంటే ఎదురు చెప్పకూడదనీ, సంతకం పెట్టమన్న చోట పెట్టాలనీ ఆ నేల చిన్నప్పుడే నేర్పుతుంది. ఈ కుర్రాడు పెద్దయ్యాక కాగితాల మీద ఉన్న మాటలను అంత పట్టుగా నిలదీశాడంటే, దాని వెనుక ఈ బాల్యం ఉందని నా నమ్మకం.

1964లో, 15 ఏళ్ల వయసులో, హేవుడ్ మిసిసిపీ వదిలి ఉత్తరానికి వెళ్లాడు. ముందు షికాగో, తర్వాత డెట్రాయిట్. దక్షిణాది పొలాల నుంచి ఉత్తరాది కార్ల కర్మాగారాల వైపు లక్షల కుటుంబాలు నడిచిన దారే అది. డెట్రాయిట్‌లో పెర్షింగ్ హైస్కూల్ కోచ్ విల్ రాబిన్సన్ కంట పడటం అతని జీవితాన్ని మార్చేసింది. రాబిన్సన్ ఆటతోపాటు నడవడి కూడా నేర్పే గురువు. కుర్రాడికి ఒక మంచి దంపతుల ఇంట ఆశ్రయం దొరికింది, బడిలో చదువు గాడిన పడింది. 1967లో పెర్షింగ్ జట్టు మిచిగన్ రాష్ట్ర చాంపియన్ అయింది. అదే ఏడాది జూలైలో డెట్రాయిట్ తగలబడింది. పోలీసులకూ నల్లవారికీ మధ్య రాజుకున్న ఆ అల్లర్లలో 43 మంది చనిపోయారు.

ఆ తర్వాత హేవుడ్ కొలరాడోలోని ట్రినిడాడ్ స్టేట్ జూనియర్ కాలేజీలో చేరాడు. దేశంలో చాలామంది పేరు కూడా వినని కాలేజీ అది. అక్కడ ఆటకు సగటున 28 పాయింట్లు, 22 రీబౌండ్లు సాధించాడు. బాస్కెట్‌బాల్ తెలియని పాఠకుల కోసం ఒక మాట. రీబౌండ్ అంటే గురి తప్పి రింగుకు తగిలి వెనక్కొచ్చిన బంతిని అందుకోవడం. పాయింట్లు చేయడానికి నేర్పు కావాలి, రీబౌండ్‌కు ఎత్తుతోపాటు మొండితనం కావాలి. ఆరడుగుల ఎనిమిది అంగుళాల హేవుడ్‌కు రెండూ ఉన్నాయి.

అయినా మెక్సికో ఒలింపిక్స్ లేకపోతే అతన్ని దేశం అంత తొందరగా గుర్తించేది కాదు.

1968 అమెరికాలో నల్లవారికి భారమైన ఏడు. ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపేశారు. మనల్ని మనుషులుగా చూడని దేశం కోసం పతకాలు తేవాలా అని నల్లజాతి క్రీడాకారుల్లో పెద్ద చర్చ నడుస్తోంది. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో సాటిలేని ఆటగాడు లూ ఆల్సిండర్ (తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్‌గా ప్రపంచమెరిగినవాడు) ఒలింపిక్ జట్టుకు దూరంగా ఉన్నాడు. ఎల్విన్ హేస్, వెస్ అన్‌సెల్డ్ కూడా ఆ జట్టులో లేరు. 1936 నుంచి ఒక్క ఆటా ఓడని అమెరికా ఈసారి ఓడిపోతుందని పత్రికలు రాశాయి. కోచ్ హెన్రీ ఐబా జట్టులో చేరినవారిలో జో జో వైట్ తప్ప పేరున్నవాళ్లు తక్కువ. ఆ జట్టులోకి జూనియర్ కాలేజీ నుంచి 19 ఏళ్ల హేవుడ్ వచ్చాడు. అప్పటిదాకా అమెరికా ఒలింపిక్ బాస్కెట్‌బాల్ జట్టులో అంత చిన్నవాడు లేడు.

తొమ్మిది ఆటల్లో 145 పాయింట్లు చేశాడు. వేసిన షాట్లలో నూటికి 72 దాకా రింగులో పడ్డాయి. ఒకే ఒలింపిక్స్‌లో అమెరికా ఆటగాడు చేసిన పాయింట్లలో అదే రికార్డుగా 44 ఏళ్లు నిలిచింది. 2012లో లండన్‌లో కెవిన్ డ్యూరాంట్ దాన్ని దాటాడు. ఫైనల్లో యుగోస్లావియా మీద 65–50తో గెలిచి అమెరికా వరుసగా ఏడో స్వర్ణం తీసుకుంది. అవే రోజుల్లో, అదే నగరంలో, టామీ స్మిత్, జాన్ కార్లోస్ పతక వేదిక మీద నల్ల గ్లవ్స్ తొడిగిన పిడికిళ్లు ఎత్తి నిలబడ్డారు, అందుకు వాళ్లను ఇంటికి పంపేశారు. ఒలింపిక్స్‌కు వెళ్లనివాళ్లనూ, వెళ్లి పిడికిలి ఎత్తినవాళ్లనూ, వెళ్లి ఆడి గెలిచిన హేవుడ్‌నూ ఒకరికొకరు వ్యతిరేకులుగా చూపడం అప్పటి పత్రికలకు అలవాటు. నాకు మాత్రం వాళ్లంతా ఒకే తరం బిడ్డల్లా కనిపిస్తారు. హేవుడ్ వంతు పోరాటం మరో రెండేళ్లకు, మరో చోట వచ్చింది.

మెక్సికో నుంచి తిరిగొచ్చి డెట్రాయిట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. తన గురువు విల్ రాబిన్సన్‌కు అక్కడ కోచ్ పదవి ఇస్తారన్న మాట మీదే చేరానని హేవుడ్ చెప్పేవాడు. ఆ పదవి వేరొకరికి వెళ్లింది. ఆ ఏడాది ఆటకు 32 పాయింట్ల సగటు సాధించి, రీబౌండ్లలో దేశమంతటికీ మొదటివాడిగా నిలిచినా మనసు అక్కడ నిలవలేదు. రాబిన్సన్‌కు మాత్రం 1970లో ఇల్లినాయిస్ స్టేట్ విశ్వవిద్యాలయం పిలుపు వచ్చింది. కాలేజీ క్రీడల పైస్థాయి విభాగంలో కోచ్ అయిన తొలి నల్లజాతీయుడు ఆయనే.

1969 వేసవికి హేవుడ్‌కు 20 ఏళ్లు. సిల్వర్ సిటీలో తల్లి ఇంకా కూలికి వెళుతోంది. ఎన్‌బీఏ తలుపు తెరుచుకోవడానికి ఇంకా రెండేళ్లు. ఆ సమయంలోనే ఏబీఏ కబురు వచ్చింది.

అమెరికన్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ 1967లో పుట్టిన పోటీ లీగ్. ఎరుపు, తెలుపు, నీలం రంగుల బంతి, దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లు వచ్చే గీత దాని ఆకర్షణలు. జనం తక్కువ, డబ్బు తక్కువ, ఆశ ఎక్కువ. 1969లో ఆల్సిండర్ కోసం గట్టిగా ప్రయత్నించి, అతన్ని ఎన్‌బీఏ జట్టు మిల్వాకీకి వదులుకుంది. ఆ దెబ్బ తిన్నాక ఏబీఏకు ఒక పేరున్న కుర్రాడు కావాలి. డెన్వర్ రాకెట్స్ హేవుడ్‌ను తీసుకుంది. కాలేజీలు మండిపడ్డాయి, దావా వేస్తామని బెదిరించాయి. డెన్వర్ ఇచ్చిన సమాధానం సూటిగా ఉంది: పదిమంది పిల్లల్ని కన్న విధవరాలు పత్తి చేలో పని చేస్తోంది, సంపాదించగల కొడుకును ఆపే హక్కు మీకెక్కడిది? ఆర్థిక కష్టం ఉన్నవారికి మినహాయింపు అన్న పద్ధతి అలా మొదలైంది. ఒక తల్లి పేదరికం ఒక లీగ్ నియమావళిలోకి ఎక్కింది.

ఇక 1969–70 సీజన్. ఆ అంకెలు ఇప్పుడు చదివినా నమ్మబుద్ధి కాదు. 84 ఆటల్లో సగటున 30 పాయింట్లు, 19.5 రీబౌండ్లు. రెండింటిలోనూ లీగ్‌కు మొదటివాడు. ఆ సీజన్‌లో మొత్తం రీబౌండ్లు 1,637. ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి, మొత్తం లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) బహుమతి, ఆల్‌స్టార్ ఆట ఎంవీపీ బహుమతి మూడూ ఒకే ఏడాది ఒకే కుర్రాడికి దక్కాయి. డెన్వర్ 51 గెలుపులతో తన విభాగంలో అగ్రస్థానంలో నిలిచింది. ప్లేఆఫ్స్‌లో 12 ఆటలు ఆడి సగటును 36 దాటించాడు. తొలి ఏడాదే ఇంత చేసిన ఆటగాళ్లు ఈ ఆట చరిత్రలో వేళ్ల మీద లెక్కించేంతమంది.

21వ పుట్టినరోజు వచ్చేసరికి డెన్వర్ యజమానులు కొత్త ఒప్పందం ముందుపెట్టారు. విలువ 19 లక్షల డాలర్లని పత్రికలు రాశాయి. పత్తి చేలో పెరిగిన కుర్రాడు సంతకం పెట్టాడు. కొన్ని నెలల తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని అల్ రాస్ అనే న్యాయవాది ఆ కాగితాలు తీరిగ్గా చదివాడు. చేతికి ఏటా వచ్చే సొమ్ము పెద్ద అంకెలో చిన్న ముక్క. మిగతాదంతా నడివయసులో, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా, అదీ షరతులకు లోబడి వస్తుంది. ఇప్పుడు కొద్ది మొత్తం పెట్టుబడి పెడితే దశాబ్దాల తర్వాత అదే పెరిగి పెద్దదవుతుందన్న లెక్క మీద ఏబీఏ జట్లు అప్పట్లో చాలామందికి ఇలాంటి ఒప్పందాలే ఇచ్చేవి. శీర్షికలో లక్షలు, జేబులో వేలు. నన్ను మోసం చేశారు, ఈ ఒప్పందం చెల్లదు అని హేవుడ్ డెన్వర్ జట్టుకు తిరిగి వెళ్లనన్నాడు.

1970 డిసెంబర్ చివర్లో సియాటెల్ సూపర్‌సోనిక్స్ యజమాని సామ్ షుల్మన్ అతనితో ఆరేళ్లకు 15 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. సూపర్‌సోనిక్స్ ఎన్‌బీఏ జట్టు. హేవుడ్ హైస్కూలు ముగిసింది 1967లో. నాలుగేళ్లు నిండటానికి ఇంకా కొన్ని నెలలు మిగిలి ఉన్నాయి. ఆ కొన్ని నెలల మీదే యుద్ధం జరిగింది.

ఇంకొంచెం ఆగితే పోయేదిగా అని పాఠకుడికి అనిపించవచ్చు. అప్పుడూ చాలామంది అదే అన్నారు. ఆగితే ఏం జరుగుతుందో చూడండి. నియమం ప్రకారం గడువు తీరాక అతను స్వేచ్ఛగా జట్టును ఎంచుకోలేడు. డ్రాఫ్ట్‌లో ఏ జట్టు పేరు పిలిస్తే ఆ జట్టుకే కట్టుబడాలి, ఆ జట్టు ఇచ్చిందే తీసుకోవాలి. పైగా డెన్వర్‌తో తెగతెంపులు చేసుకున్నవాడికి ఈలోపు ఆడే చోటు లేదు, జీతం లేదు. చాంబర్లేన్‌కు గ్లోబ్‌ట్రాటర్స్ ఉన్నారు. హేవుడ్‌కు ఎవరూ లేరు.

ఎన్‌బీఏలో అప్పుడు 17 జట్లు. కమిషనర్ వాల్టర్ కెనడీ ఈ ఒప్పందాన్ని ఆమోదించనన్నాడు. లీగ్ సియాటెల్ జట్టు మీదే చర్యకు సిద్ధమైంది. హేవుడ్ లాస్ ఏంజెలెస్‌లోని ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్లాడు. డెన్వర్ తన ఆటగాణ్ని తనకిమ్మని వేసిన దావాలోనే హేవుడ్ ఎన్‌బీఏను కూడా లాగాడు. అతని వాదనకు ఆధారం 1890 నాటి షెర్మన్ చట్టం. వ్యాపారులంతా కూడబలుక్కుని పోటీని అణచకూడదన్నది ఆ చట్టం సారం. మన దేశంలో 2002లో వచ్చిన పోటీ చట్టానికి అది తాతలాంటిది. 17 జట్లు వేర్వేరు వ్యాపారాలైనప్పుడు, అవన్నీ కలిసి ఫలానావాడికి ఎవరూ పని ఇవ్వకూడదని ఒట్టు పెట్టుకుంటే అది మూకుమ్మడి బహిష్కరణ కాదా అన్నది హేవుడ్ పక్షం అడిగిన ప్రశ్న.

ఇక్కడ మరో కేసు గుర్తుచేసుకోవాలి. 1922లో అమెరికా సుప్రీంకోర్టు బేస్‌బాల్‌ను ఈ చట్టం పరిధి నుంచి తప్పించింది. ఆ మినహాయింపును సవాలు చేస్తూ కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాడు 1970 జనవరిలో కోర్టుకెక్కాడు. నన్ను అడగకుండా నన్ను వేరే జట్టుకు ఎలా అమ్ముతారన్నది అతని ప్రశ్న. 1972లో అతను ఓడిపోయాడు. బాస్కెట్‌బాల్‌లోనూ ఆస్కార్ రాబర్ట్‌సన్ నాయకత్వంలో ఆటగాళ్ల సంఘం 1970 ఏప్రిల్‌లో, రెండు లీగుల విలీనాన్ని ఆపమంటూ దావా వేసింది. అంటే హేవుడ్ ఒంటరిగా గాలిలోంచి ఊడిపడలేదు. ఆటగాళ్లు తమ చెమటకు తామే యజమానులమని అడగడం మొదలుపెట్టిన కాలమది. అయితే ఫ్లడ్, రాబర్ట్‌సన్ ఏళ్లకేళ్లు ఆడి స్థిరపడ్డ పెద్ద పేర్లు. హేవుడ్ ఎన్‌బీఏలో ఇంకా కాలు మోపనివాడు.

జనవరిలో జిల్లా న్యాయమూర్తి వారెన్ ఫెర్గూసన్ తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చి అతన్ని ఆడనిచ్చాడు. ఆ నెలల గురించి హేవుడ్ తర్వాత ఎన్నో సందర్భాల్లో చెప్పాడు. ప్రత్యర్థి ఊళ్లలో ఆట మొదలయ్యే ముందు మైకులో, 24వ నంబరు ఆటగాడు చట్టవిరుద్ధంగా ఆడుతున్నాడని ప్రకటించేవారట. జనం ఈలలు, తిట్లు, సీసాలు. ఎదుటి జట్టు ఆటగాళ్లలోనూ కొందరు మొహం తిప్పుకునేవారు. మేం నాలుగేళ్లు ఆగాం, నీకేం తొందర అన్నది వాళ్ల కోపం. సిన్సినాటిలో వార్మప్ మధ్యలోనే బయటికి పంపేస్తే, మంచు కురుస్తుండగా ఆట దుస్తుల్లోనే నిలబడ్డానని చెప్పాడు. ఒక రోజు ఆడొచ్చని, మరో రోజు ఆడకూడదని కాగితాలు వచ్చేవి. ఆటగాడికి కావలసిన మొదటి విషయం, రేపు ఆడతానన్న ధైర్యం. అదే అతనికి లేకుండా పోయింది.

ఫిబ్రవరిలో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. హేవుడ్ తరఫువాళ్లు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. అమెరికాలో ఒక్కో అప్పీలు ప్రాంతానికి ఒక సుప్రీంకోర్టు న్యాయమూర్తి బాధ్యుడిగా ఉంటాడు, అత్యవసరమైతే ఆయన ఒక్కడే ఉత్తర్వు ఇవ్వగలడు. తొమ్మిదో ప్రాంతం విలియం డగ్లస్ చేతిలో ఉంది. సియాటెల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలోనే యాకిమా అనే ఊళ్లో తండ్రి లేని ఇంట పెరిగి, చిన్నప్పుడు పండ్లతోటల్లో కూలి చేసిన మనిషి ఆయన. 1971 మార్చి 1న డగ్లస్, జిల్లా కోర్టు ఉత్తర్వును తిరిగి అమల్లోకి తెచ్చాడు. బేస్‌బాల్‌కు ఉన్న మినహాయింపు బాస్కెట్‌బాల్‌కు లేదని స్పష్టంగా రాశాడు. ఆడనివ్వకపోతే ఈ కుర్రాడికి జరిగే నష్టం తర్వాత ఎంత డబ్బిచ్చినా పూడ్చలేనిదన్న జిల్లా కోర్టు అభిప్రాయాన్ని ఆయన ఎత్తి చూపాడు: వృత్తి జీవితంలో పెద్ద భాగం వృథా అవుతుంది, పోటీ లేక ఒళ్లు మొద్దుబారుతుంది, జనం మరిచిపోతారు, ఆత్మాభిమానం దెబ్బతింటుంది.

ఈ కేసు మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనది ఆ వాక్యం. న్యాయవాదికి 60 ఏళ్లకూ పని ఉంటుంది, రచయితకు 70కీ ఉంటుంది. ఆటగాడికి ఉన్నది పదేళ్లు, మహా అయితే పదిహేనేళ్లు. అందులో నుంచి రెండేళ్లు నిబంధన పేరుతో తీసుకోవడమంటే అతని ఆస్తి తీసుకోవడమే. కాలం ఆటగాడి ఆస్తి అని ఒక న్యాయస్థానం గుర్తించడం ఆనాటికి పెద్ద మాట.

డగ్లస్ ఇచ్చింది ఆడనిచ్చే ఉత్తర్వే. నిబంధన తప్పా ఒప్పా అన్న అసలు తీర్పును అదే మార్చి నెలలో మళ్లీ ఫెర్గూసనే ఇచ్చాడు. ఎన్‌బీఏ చెప్పుకున్న సమర్థనలను ఒక్కొక్కటిగా పక్కన పెట్టాడు. ఆట మనుగడకు ఇది అవసరమన్న వాదన చట్టం ముందు నిలవదన్నాడు. కాలేజీల్లో ఖర్చులేకుండా శిక్షణ జరుగుతుందన్నది జట్లకు సౌకర్యమే తప్ప బహిష్కరణకు కారణం కాదన్నాడు. చదువు పూర్తి చేయించాలన్న కోరిక మంచిదే, కానీ దానికోసం చట్టాన్ని తోసిపుచ్చలేమన్నాడు. అన్నిటికీ మించి, నా సంగతి వేరు, నన్ను వినండి అని ఒక కుర్రాడు చెప్పుకోవడానికి ఆ నియమంలో ఎక్కడా అవకాశమే లేదని ఎత్తిచూపాడు. నాలుగేళ్ల నిబంధన షెర్మన్ చట్టానికి విరుద్ధమని తేల్చాడు. ఎన్‌బీఏ పైకోర్టుల్లో చివరిదాకా పోరాడకుండా సియాటెల్‌తో రాజీకి వచ్చింది. హేవుడ్ సియాటెల్‌లోనే ఉండిపోయాడు.

ఆ గందరగోళపు సీజన్‌లో ఆడగలిగింది 82లో 33 ఆటలు. సగటు 20 పాయింట్లు, 12 రీబౌండ్లు. కోర్టు కాగితాలు వెంట లేని మొదటి పూర్తి సీజన్, 1971–72లో అది 26కు పెరిగింది. ఎన్‌బీఏ మొదటి ఉత్తమ జట్టులో చోటు దక్కింది. మరుసటి ఏడాది 29 దాటి మళ్లీ అదే గౌరవం. 1972 నుంచి 1975 దాకా వరుసగా నాలుగు ఆల్‌స్టార్ ఆటలు. 1975లో, బిల్ రసెల్ కోచ్‌గా ఉండగా, సూపర్‌సోనిక్స్‌ను తొలిసారి ప్లేఆఫ్స్‌కు చేర్చి, ఆ వేసవి తర్వాత న్యూయార్క్ నిక్స్‌కు మారాడు. తొలి దశ అక్కడితో ముగిసింది. ఆ తర్వాత మాదకద్రవ్యాల వలలో చిక్కడం, 1980 ఫైనల్స్ మధ్యలో లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టు నుంచి పంపేయడం, ఇటలీలో ఆడి తిరిగి రావడం, వ్యసనం నుంచి బయటపడటం – అదంతా వేరే కథ, దానికి వేరే భాగం కావాలి.

తీర్పు వచ్చిన 1971లోనే ఎన్‌బీఏ ఆర్థిక కష్టం ఉన్న కుర్రాళ్లకు మినహాయింపు తెచ్చింది. 1976లో ఆ కష్టం రుజువు చేసుకోవాల్సిన అవసరాన్ని కూడా తీసేసింది. ఆ దారిలోనే 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్ హైస్కూలు నుంచి నేరుగా వచ్చారు. 2005లో లీగ్, ఆటగాళ్ల సంఘంతో ఒప్పందం చేసుకుని 19 ఏళ్ల వయసు, హైస్కూలు తర్వాత ఒక ఏడాది అన్న కొత్త హద్దు పెట్టింది. ఒకప్పుడు యజమానులు తమంత తాము పెట్టుకున్న నియమానికీ, ఆటగాళ్ల సంఘంతో బేరమాడి పెట్టిన నియమానికీ చట్టం దృష్టిలో తేడా ఉంది. 2015లో మన పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్ కాలేజీలో ఆడకుండానే డాలస్ మావెరిక్స్‌కు 52వ ఎంపికగా డ్రాఫ్ట్‌లోకి వచ్చాడంటే, ఆ తలుపు తెరిచిన చెయ్యి హేవుడ్‌దే. అదే 2015లో హాల్ ఆఫ్ ఫేమ్ హేవుడ్‌కు చోటిచ్చింది. అప్పటికి ఆయనకు 66 ఏళ్లు.

ఈ మార్పుకు తన పేరు పెట్టాలని, దానివల్ల కోట్లు సంపాదించిన కుర్రాళ్లకు తన సంగతి తెలియాలని హేవుడ్ ఎన్నేళ్లుగానో అడుగుతున్నాడు. అది గొప్ప కోసం అడిగే మాటగా నాకు అనిపించదు. 21 ఏళ్ల వయసులో ఊరూరా తిట్లు తిన్నవాడు, తన తర్వాతివాళ్లు తినకుండా చేసినవాడు, ఆ మాత్రం అడగవచ్చు. ఎన్‌బీఏ ఇవ్వాలి.

వచ్చే భాగంలో 1974కు వెళదాం. వర్జీనియాలోని పీటర్స్‌బర్గ్ నుంచి 19 ఏళ్ల మోజెస్ మలోన్ అనే కుర్రాడు ఒక్క రోజు కూడా కాలేజీ జట్టుకు ఆడకుండా ఏబీఏ జట్టు యూటా స్టార్స్‌లో చేరాడు. అతని ఇంటి సంగతి, ఆ తొలి రెండేళ్లలో అతను చేతులు మారిన తీరు అక్కడ చెప్పుకుందాం.